మెద్వెద్ గారి తేనెటీగలు

“ఈగలు చాలా బాగున్నాయి. కానీ ఎలుగుబంటి ఎక్కడ?”

గద్వాలలో నేతగాళ్ల సంఘం హాలు. బల్ల మీద పరిచిన కొత్త చీర. చుట్టూ పాతిక మంది. ఆ ప్రశ్న అడిగిన మనిషి స్లొవేనియా అనే దేశం నుంచి వచ్చింది. జవాబు చెప్పాల్సిన మనిషిని నేను. ఆ చీర మీద ఎలుగుబంటి ఎందుకు ఉండాలో, పాతిక మందిలో నాకొక్కడికే ఆ క్షణాన అర్థమైంది. మిగతావాళ్లకు అర్థమయ్యేలోపు గోడకున్న తలుపులు ఎన్నో లెక్కపెట్టుకున్నాను. ఒకటే. అది కూడా చీరకు అవతలి వైపు.

పాఠకులు ముందే మనసు దిటవు చేసుకోవాలి. ఇది ఘోరమైన కథ. ప్రాణనష్టం లేదు, పరువునష్టం ఉంది, అదీ రెండు విడతలుగా. మొదటిదానికి నా పాండిత్యం కారణం, రెండోదానికి నా అనుభవం కారణం. తెలివితక్కువతనం వల్ల చెడిన పనులు నా జీవితంలో చాలా తక్కువ.

నాలుగేళ్ల కిందటి మాట. నాకు నలభై దాటింది, నా బుద్ధి మాత్రం ఇంకా గడప దాటలేదు. వనపర్తిలో ఒక పత్రికకు విలేకరిని. జిల్లా పేజీలో వారానికొకసారి ఇంటిపేర్ల మీద ఒక శీర్షిక రాసేవాణ్ని. మన ఇంటిపేర్లు ఎట్లా వచ్చాయో అందరికీ తెలిసిందే. కొన్ని ఊరి పేర్లు, కొన్ని చేసే పనుల పేర్లు, కొన్ని ఎవరో ఎప్పుడో ఎగతాళికి పెట్టిన పేర్లు. ఉన్నదున్నట్టు రాస్తే నాలుగు వారాల్లో శీర్షిక అయిపోతుంది. అందుకని నేను ప్రతి ఇంటిపేరునూ సంస్కృతం దాకా తీసుకుపోయి, స్నానం చేయించి, పట్టుబట్ట కట్టి తిరిగి తెచ్చేవాణ్ని. నాగర్‌కర్నూల్ నుంచి నక్కల వారి పంతులు ఒకాయన ఉత్తరం రాస్తే, ‘నక్కల’ అనేది ‘నక్షత్రాల’కు వాడుక రూపమనీ, వారి పూర్వులు జ్యోతిష్యులనీ రాశాను. ఆయన వనపర్తి దాకా వచ్చి శాలువా కప్పి పోయాడు. నక్క ఎక్కడ, నాకలోకం ఎక్కడ అని సామెత. నా శీర్షికలో వాటి మధ్య దూరం రెండు పేరాలు.

అట్లాంటి రోజుల్లో గద్వాల నుంచి చంద్రయ్య సేటు ఫోన్ చేశాడు. ఆయనది చీరల దుకాణం. పదిహేను మగ్గాలకు నూలు, పట్టు ఇచ్చి చీరలు నేయిస్తాడు.

“సార్, ఇక్కడొక ఫారినమ్మ వచ్చింది. మగ్గం కాడ కూసోని అందరి ఇంటిపేర్లు అడుగుతుంది. సర్వేనో ఏందో తెల్వదు. జనం పరేషాన్ అవుతుండ్రు. ఇంటిపేర్లంటే మీరే గదా. జర రాండ్రి.”

ఇంటిపేర్లంటే నేనే. ఆ మాట విన్నాక ఎవరైనా ఇంట్లో ఉంటారా? బస్సెక్కాను.

వచ్చినామె పేరు మార్యేతా మెద్వెద్. అరవై దగ్గర పడిన మనిషి. తెల్లని పొట్టి జుట్టు, నూలు చొక్కా, ముక్కు మీదికి జారే కళ్లజోడు. తన దేశంలో ఒక చిన్న ఊరి మ్యూజియంలో బట్టల విభాగం చూస్తుందట. ఆమెదీ అరువు ఇంగ్లీషే, నాదీ అరువు ఇంగ్లీషే కాబట్టి మాకు బాగా కుదిరింది. నేతకారుల వీధిలో మాత్రం ఆమెను ‘మర్యాదమ్మ’ అనడం మొదలుపెట్టి అప్పటికే రెండు రోజులైంది.

ఆమె వచ్చిన పని ఇది. వాళ్ల మ్యూజియంలో ఇంటిపేర్ల మీద ఒక ప్రదర్శన పెడుతున్నారు. అందుకోసం దేశదేశాల నేతగాళ్ల చేత బట్టలు నేయిస్తున్నారు. బట్ట మీద స్లొవేనియా ఇంటిపేరు ఒకదాని అర్థం బొమ్మగా ఉండాలి. పక్కన కార్డు మీద, నేసినవాళ్ల ఇంటిపేరు, దాని అర్థం అచ్చు వేస్తారు. గద్వాల చీర మీద తన సొంత ఇంటిపేరునే నేయించుకోవాలని ఆమె కోరిక.

దుకాణం అరుగు మీద చాయ్ తాగుతూ వాళ్ల ఇంటిపేర్ల సంగతి చెప్పింది. సేటుకూ ఆమెకూ మధ్య మాటలు నేను చేరవేశాను. అక్కడ అందరికంటే ఎక్కువ మందికున్న ఇంటిపేరు నోవాక్. అంటే కొత్తగా వచ్చినవాడు.

“గా దేశమంత కొత్తోళ్లేనా?” అన్నాడు సేటు. “మరి పాతోళ్లు యాడికి పోయిండ్రు?”

కొవాచ్ అంటే కమ్మరి. మ్లాకర్ అంటే నీటిగుంట పక్కన ఇల్లున్నవాడు. గొలోబ్ అంటే పావురం. ఒబ్లాక్ అంటే మబ్బు. పేరు చివర ‘ఇచ్’ అని వస్తే ఫలానావాడి కొడుకని. పేత్రిచ్ అంటే పేతురు కొడుకు. క్రాల్ అంటే రాజు.

“రాజుల వంశమా?” సేటు కుర్చీలో ముందుకు జరిగాడు. ఒకప్పుడు సంస్థానాధీశులు ఏలిన ఊరివాడు కదా, రాజు అనే మాట వింటే వెన్ను దానంతటదే నిటారుగా అవుతుంది.

“కాదు,” అంది మార్యేతా. “తాతల్లో ఒకడు ఊరి నాటకంలో రాజు వేషం కట్టి ఉండొచ్చు. రాజుగారి దగ్గర పనివాడై ఉండొచ్చు. ఊరికే పొగరుబోతు కూడా కావచ్చు.”

“గట్లయితే మా గల్లీల నలుగురు క్రాల్‌లు ఉన్నరు.”

పేటెక్ అంటే శుక్రవారమట. శుక్రవారం పుట్టాడా అని అడిగాను. “పుట్టి ఉండొచ్చు. శుక్రవారం నాడు దొర పొలంలో వెట్టి చేయాల్సినవాడు కావచ్చు. ఖచ్చితంగా ఎవరికీ తెలియదు,” అంది. నేను గమనించింది ఏమిటంటే, ఆమె ప్రతి పేరు చివరా ఒక ‘కావచ్చు’ పెడుతోంది. నా శీర్షికలో ‘కావచ్చు’ అనే మాట ఎప్పుడూ అచ్చు కాలేదు. పాపం, ఈమెకు సంస్కృతం రాదు కదా అని జాలిపడ్డాను.

“మరి మెద్వెద్ అంటే?” అన్నాడు సేటు.

ఆమె నోరు తెరిచింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“చెప్పకండి. నేను చెబుతాను.”

పాఠకుల్లారా, ఆ చెయ్యిని నేను ఇప్పటికీ అప్పుడప్పుడు చూసుకుంటాను. అయిదు వేళ్లూ బాగానే ఉంటాయి. ఒక్కదానికీ సిగ్గు లేదు.

కళ్లు మూసుకున్నాను. మెద్... మెద్... “మధు!” అన్నాను. “మెద్ అంటే తేనె. అవునా, కాదా?”

ఆమె కళ్లజోడు జారిపోయింది. “అవును! తేనే! మీకెట్లా తెలుసు?” అని చప్పట్లు కొట్టింది. “ఇక రెండో ముక్క...”

“రెండోది నాకు వదిలేయండి.”

అంతలో ఆమెకు ఫోన్ రావడం, హైదరాబాద్ నుంచి కారు వచ్చిందని చెప్పడం, ఆమె లేవడం జరిగాయి. నెల రోజులు వేరే నేత ఊళ్లు తిరిగి వస్తానంది. వెళ్తూ వెళ్తూ, “అర్థం మీకు తెలిసిపోయింది కాబట్టి నేతమ్మకు మీరే చెప్పండి,” అని నా భుజం తట్టింది. సగం తేనె నాకిన నాకు మిగతా సగం వెతుక్కోవడానికి బస్సు ఆత్మకూరు చేరే లోపే టైం సరిపోయింది. మధు, వేద్. వేద్ అంటే వేదం, తెలిసినవాడు. మధువేది! తేనె రహస్యం తెలిసిన వంశం. ఫోనులో ఆ మాట కొట్టి చూస్తే క్షణంలో తేలేది. కానీ వైద్యుడు తన నాడి తాను చూపించుకోవడానికి పక్కవీధికి పోతాడా?

చీర నేయాల్సినామె గంజి నర్సమ్మ. సేటు మగ్గాల్లో పనితనానికి ఆమె తర్వాతే ఎవరైనా. ఆమె భర్త ఎంకటయ్య ఇదివరకు నేసేవాడు. చూపు తగ్గాక ఆమెకు నూలు కండెలు చుట్టి ఇస్తున్నాడు. మరుసటి వారం వాళ్లింటికి పోతే నర్సమ్మ మగ్గం గుంతలో కూర్చుని, దారమున్న నాడె అటూ ఇటూ విసురుతూనే మాట్లాడింది.

“సార్, గా కార్డు మీద మా ఇంటిపేరు రాస్తరంట, నిజమేనా?”

“నిజమే.”

“మా అత్త నేసింది. మా ఆయన నేసిండు. ముప్పై ఏండ్ల సంది నేను నేస్తున్న. గద్వాల సీర అని ఊరి పేరు జెప్తరు, సేటు సీర అని దుకాణం పేరు జెప్తరు. గంజోళ్లు నేసిండ్రని ఒక్కరన్న జెప్పిండ్రా? బొమ్మ మీ ఇష్టమున్నది ఎయ్యిండ్రి. పేరు మాత్రం సక్కగ రాయించుండ్రి. గంతే నేనడిగేది.”

ఆమె అడిగింది అదొక్కటే. దయచేసి గుర్తుపెట్టుకోండి, నేను గుర్తుపెట్టుకోలేదు కాబట్టి.

“రాయిస్తానమ్మా. కానీ ‘గంజి’ అని ఊరికే రాస్తే బాగుండదు. అన్నం వార్చిన గంజి అనుకుంటారు. ‘గంజ్’ అంటే పారసీలో నిధి, ఖజానా. మీ పూర్వులు...”

“ఖజానా ఉంటే గుంతల కూసుంటమా సార్?” అంది నర్సమ్మ, నాడె ఆపకుండా. “గంజంటే గంజే. పడుగు పోగులు గట్టిగుండనీకి పెట్టే గంజి. గట్లనే రాయిండ్రి.”

మంచం మీద నుంచి ఎంకటయ్య నవ్వాడు. “ఖజానా అని రాస్తే రేషన్ కార్డు తీసేస్తరు సార్.”

నేను మధువేది సంగతి చెప్పాను. తేనె రహస్యం తెలిసిన వంశానికి చీర మీద తేనెటీగ తప్ప ఏముంటుంది? నర్సమ్మ నాడె ఆగింది.

“సార్, ఎందుకైన మంచిది, ఒక్కసారి గా మర్యాదమ్మకు ఫోన్ జేసి అడుగుతే అయిపాయె గదా?”

“నేను లేనా?”

“మీరున్నరనే అడుగుతున్న.”

అప్పుడు దాన్ని పొగడ్త అనుకున్నాను.

గద్వాల చీర నేత తెలియనివారికి ఒక మాట. నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కొంగు మీద కొత్త బుటా వేయాలంటే ముందు గళ్ల కాగితం మీద బొమ్మ గీయాలి. ఆ గళ్ల ప్రకారం అట్టలకు బెజ్జాలు కొట్టాలి. ఆ అట్టల దండను మగ్గం మీద పోగులు లేపే జకార్డు పెట్టెకు కట్టాలి. అప్పుడుగానీ దారానికి ఎప్పుడు లేవాలో తెలియదు. మామిడిపిందె, నెమలి, రుద్రాక్ష అయితే పాత అట్టలే ఉంటాయి. తేనెటీగకు ఎవరి దగ్గరా లేవు. బొమ్మ గీసే మనిషి పక్కన నేను కూర్చుని గీయించాను. మొదటి బొమ్మను ఎంకటయ్య కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇది తేనెటీగనా సార్, జోరీగనా?”

రెండోది బొద్దింక అన్నాడు. మూడోదానికి ఏమీ అనలేదు. చూపు సరిగా లేని మనిషి మౌనాన్ని ఆమోదంగా తీసుకున్నాను.

నర్సమ్మ మాత్రం నా బొమ్మలోని తప్పులన్నీ పట్టుపోగులతో సర్దేసింది. నెల దాటేసరికి మెరూన్ రంగు కొంగు మీద ఏడు వరుసల బంగారు తేనెటీగలు. దూరం నుంచి చూస్తే రెక్కలు కదిలినట్టే ఉన్నాయి. సేటు దుకాణానికి వచ్చే వ్యాపారులు కూడా ఆగి చూసిపోయారు. నేను మెద్వెద్ వంశం మీద రెండు పేజీల వ్యాసం రాసి జేబులో పెట్టుకున్నాను, చీర పరిచి చూపించే రోజు చదవడానికి.

ఆ రోజుకు వచ్చాం. సంఘం హాలు, బల్ల, చీర, పాతిక మంది. ఈగలు బాగున్నాయి, ఎలుగుబంటి ఎక్కడ?

“ఎలుగుబంటి... ఎందుకండీ?” అన్నాను. సంగతి అర్థమైంది, అయినా వేరే కారణం ఉంటుందేమోనని ఆశ.

“మెద్వెద్ అంటే ఎలుగుబంటి కదా. మీకు తెలుసన్నారు?”

తర్వాత ఆమె నిదానంగా చెప్పింది. పూర్వం వాళ్ల అడవుల్లో ఎలుగుబంటి పేరెత్తితే వచ్చి మీద పడుతుందని జనానికి భయం. అందుకని అసలు పేరు మానేసి ‘తేనె తినేది’ అన్నారు. మనం రాత్రిపూట పామును పురుగు అన్నట్టు. అంటూ అంటూ అసలు పేరే మరిచిపోయారు, ఇదే పేరైపోయింది. తేనె వరకు నేను చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ రెండో ముక్క తెలుసుకోవడం కాదు, తినడం. సంస్కృతంలో కూడా తినడానికి ‘అద్’ అనే ధాతువుంది, అందులోంచే అన్నం అనే మాట వచ్చింది. అంటే నేను వేదం అనుకున్నది చివరకు అన్నం అయింది. నా సంస్కృతం నన్ను సంస్కృతంలోనే ముంచింది.

చంద్రయ్య సేటుకు సంగతి మెల్లగా అందింది. అందాక ఆగలేదు.

“గుడ్డేలుగును పట్టుకొచ్చి ఈగను జేసిండ్రా సార్? మా ఇంటిపేరు మీ చేతిల పడకపాయె, దోమను జేసేటోళ్లు!”

హాలంతా నవ్వు. జేబులో వ్యాసం ఇటుకలా బరువెక్కింది. నవ్వని మనిషి ఒక్కతే, నర్సమ్మ. ఆమె నా మొహం చూడటం లేదు, చీరను చూస్తోంది. ఈ చీర పనికిరాదంటే కార్డు లేదు. కార్డు లేకపోతే రేపటి నుంచి మళ్లీ సేటు చీరే.

“ఏమంటుంది సార్ మర్యాదమ్మ?” అని అడిగింది.

“ఆ పేరుకు అర్థం గుడ్డేలుగట. అది చీర మీద ఎక్కడుందని అడుగుతోంది.”

నర్సమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. పరిచిన చీర కొంగు చివర పట్టుకుని సర్దింది.

“తేనె తాగి ఇప్పుడే పోయిందని జెప్పుండ్రి. అందుకే ఈగలు గింత లొల్లి జేస్తున్నయి.”

నా అరువు ఇంగ్లీషులో ఆ మాటను ఎంత పాడు చేయగలనో అంతా పాడు చేసి చెప్పాను. అయినా బతికింది. మార్యేతా కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. పేరెత్తకుండా ఎలుగుబంటిని చెప్పడమంటే ఇదే కదా, మా తాతలు చేసింది కూడా ఇదే, అని నర్సమ్మ రెండు చేతులూ పట్టుకుంది. చీర అప్పటికప్పుడే మడత పడి పెట్టెలోకి వెళ్లింది.

ఇక్కడ కథ ఆపేసి ఉంటే నేనొక మామూలు మూర్ఖుణ్ని. కానీ కార్డు కోసం ఒక కాగితం నింపాల్సి ఉంది. గండం గడిచిన ఉత్సాహంలో, “ఇటివ్వండి, నేను నింపుతాను,” అన్నాను.

“సక్కగ రాస్తరా సార్?” అన్నాడు సేటు.

“ఇరవై ఏళ్లుగా పేర్లే రాస్తున్నానయ్యా. ఇందులో సంస్కృతం కూడా లేదు.”

కాగితంలో రెండు గళ్లున్నాయి. ఒకటి ముందు పేరుకు, రెండోది చివరి పేరుకు. ముందు పేరు ఏది? గంజి. చివరి పేరు ఏది? నర్సమ్మ. మనం పుట్టినప్పటి నుంచి అట్లాగే రాస్తున్నాం, అట్లాగే పిలిపించుకుంటున్నాం. బడిలో హాజరు పట్టీ దగ్గర నుంచి పెళ్లిపత్రిక దాకా ఇంటిపేరు ముందు నడుస్తుంది, మనిషి దాని వెనక నడుస్తాడు. వాళ్ల దేశాల్లో మనిషి ముందు, ఇల్లు వెనక. మార్యేతా ముందు, మెద్వెద్ వెనక. ఇంటిపేర్ల మీద శీర్షిక రాసే నాకు ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. చేతికి తెలియదు. రెండు గళ్లూ నింపి, కింద గీత గీసి, పక్కన తేదీ కూడా వేశాను.

రెండు నెలల తర్వాత మార్యేతా మెయిల్ పంపింది. కార్డు అచ్చు వేస్తున్నారట. “నర్సమ్మ అనే పేరుకు అర్థం దయచేసి నాలుగు వాక్యాల్లో రాయగలరా?” అని అడిగింది. ఇంటిపేరు వదిలి సొంత పేరుకు అర్థం ఎందుకు అడుగుతోందని నాకు అనుమానం రావాలి. రాలేదు. ఒకరు నన్ను అర్థం అడిగారు, అదీ మెద్వెద్ తర్వాత కూడా అడిగారు అనే ఆనందంలో నాలుగు వాక్యాలకు బదులు పేజీన్నర రాశాను. నర్సమ్మ అంటే నరసింహమ్మ. సగం మనిషి, సగం సింహం అయిన దేవుడి పేరు. పాలమూరులో ఇంటికొక నర్సమ్మ, వీధికొక నర్సింలు ఉంటారు. ఈసారి ఒక్క తప్పు లేదు. ప్రతి మాటా రెండు నిఘంటువుల్లో చూసి రాశాను. జాగ్రత్తగా గురిచూసి పక్కింటి కిటికీ పగలగొట్టడం అంటే ఇదే.

తర్వాత ఫొటో వచ్చింది. గాజు పెట్టెలో మెరూన్ చీర, ఏడు వరుసల ఈగలు. పక్కన కార్డు. పెద్దది చేసి చదివాను. చీర మీది ఇంటిపేరు మెద్వెద్, అర్థం ఎలుగుబంటి. నేసినవారి ఇంటిపేరు నర్సమ్మ, అర్థం సింహం. నేసినావిడ సొంత పేరు గంజి, అర్థం తెలియరాలేదు.

ఎలుగుబంటి వారింటికి సింహం వారింటి నుంచి చీర వచ్చిందన్నమాట. చదివి పావుగంట నవ్వాను. తర్వాత నర్సమ్మ గుర్తొచ్చింది, నవ్వు ఆగిపోయింది. ఆమె అడిగింది ఒక్కటే. ఆ ఒక్కటే పోయింది. ప్రపంచంలో ఆ చీర చుట్టూ ఉన్న అన్ని పేర్లకూ అర్థం దొరికింది, గంజి తప్ప.

ఆ రోజే మార్యేతాకు తప్పు వివరించి మెయిల్ పెట్టాను. మరుసటి రోజు గద్వాల బస్సెక్కాను. ఆత్మకూరులో బస్సు ఆగితే దిగి వెనక్కి పోదామా అనిపించింది. ఎదురుగా వనపర్తి బస్సు కూడా తలుపు తెరుచుకుని సిద్ధంగా ఉంది. పోలేదు. ధైర్యం వల్ల కాదు, కిటికీ పక్క సీటు దొరికింది.

ఫోను నర్సమ్మ చేతికిచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మగ్గం ఆగింది. ముందు ఎంకటయ్యకు అర్థమైంది.

“అంటే గా దేశంల మా ఇంటిపేరు నర్సమ్మనా? ఇగ నేను నర్సమ్మ ఎంకటయ్యనా?”

“అంతే అయ్యింది ఎంకటయ్యా.”

“గల్లీల అందరు గట్లనే పిలుస్తరు సార్. గాళ్లకెవరు జెప్పిండ్రో ఏమో!”

నర్సమ్మ నవ్వలేదు. ఫొటోను చాలాసేపు చూసింది. చదువు రాదు కాబట్టి కార్డును కాదు, చీరను చూస్తోంది.

“మాది గంజి అని యాడ రాయలేదా?”

“రాశారు. కానీ నీ పేరు అనుకున్నారు.”

“నా పేరు అందరు పిలిచేదే గదా. నాకెందుకది?” అంది. మా పేపరు వాళ్లమైతే మరుసటి రోజు మూలన చిన్న సవరణ వేసి చేతులు కడుక్కుంటాం. ఇక్కడ మూల కూడా లేదు. మార్యేతాకు రాశానని, కార్డు మార్పిస్తానని, తప్పు నాదేనని మూడుసార్లు చెప్పాను. మూడోసారి చెబుతుంటే ఆమె అడ్డం వచ్చింది.

“సార్, గా అద్దాల పెట్టెల పెట్టినంక ఎవరన్న ముట్టుకుంటరా?”

“ముట్టుకోనివ్వరు.”

“కడతరా ఎవరన్న?”

“మ్యూజియం చీరను ఎవరు కడతారమ్మా?”

“మరి ఉతుకుతరా?”

“కట్టనిది ఎందుకు ఉతుకుతారు?” అన్నాను ధీమాగా.

నర్సమ్మ ఫోను నా చేతికిచ్చి నాడె అందుకుంది.

“గట్లయితే ఏం ఫికర్ లేదు. పడుగంత గంజి పెట్టి నేసిన సీర సార్ అది. ఈ కొస నుంచి ఆ కొస దాక మా ఇంటిపేరే ఉంది. నీళ్లు తాకనంతసేపు యాడికి పోదు. కార్డు మీద సింహమని రాసుకోనీ, పులని రాసుకోనీ.”

ఎంకటయ్య కండె చుట్టడం మొదలుపెట్టాడు. నాకు చాయ్ వచ్చింది. తాగాను. ఆ ఇంట్లో ఆ రోజు ఒక ఇంటిపేరుకు సరైన వ్యుత్పత్తి చెప్పిన మనిషికి అక్షరం ముక్క రాదు. అక్షరాలు వచ్చిన మనిషి చాయ్‌లో బెల్లం ఎక్కువైందని కూడా అనలేక కూర్చున్నాడు.

వనపర్తి చేరాక శీర్షిక ఆపేశాను. ఆపుతూ, ఇంట్లో దేవుడి పటాలు, ఆఫీసులో కంప్యూటరు, బయట ఆరేసిన నక్కల పంతులు గారి శాలువా సాక్షిగా ఒక శపథం పట్టాను. ఇకమీదట ఎవరి పేరుకైనా అర్థం చెప్పేముందు దాని సొంతదారును నోరు తెరవనిస్తాను. తెరిచాక మూసేదాకా ఆగుతాను. ఏ కాగితంలోనైనా ముందు పేరు, చివరి పేరు అని గళ్లు కనబడితే, కలం పక్కవాడికిచ్చి మంచినీళ్లకు లేస్తాను. ఎలుగుబంటి ఎదురొచ్చినా దాన్ని ఎలుగుబంటి అనే అంటాను.

మార్యేతా జవాబు వెంటనే వచ్చింది. క్షమాపణ చెప్పింది, తప్పు తనదే అంది. ప్రదర్శన ఇంకో ఊరికి మారేటప్పుడు కొత్త కార్డు వేయిస్తానంది. ఆ ఏడాదే ఆమెకు ఉద్యోగ విరమణ అయింది. కార్డు మార్చారో లేదో కొత్తగా వచ్చినవాళ్లు ఎవరూ రాయలేదు. చీర మాత్రం మ్యూజియం వాళ్లు శాశ్వతంగా ఉంచుకున్నారని తెలిసింది. అట్లా ఉంచుకునే బట్టలను మ్యూజియంలో ఎప్పుడైనా ఉతుకుతారా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.